పియేర్ ప్వావ్ర్

పియేర్ ప్వావ్ర్ (1719 ఆగష్టు 23 - 1786 జనవరి 6) ఫ్రాన్సు దేశానికి చెందిన యాత్రికుడు, ఉద్యాన శాస్త్రాభిమాని, పరిపాలకుడు. హిందూ మహాసముద్రంలోని ఇల్ ద ఫ్రాన్స్ (నేటి మారిషస్), బూర్బన్ (నేటి రీయూనియన్) దీవులకు 1767 నుండి 1772 వరకు రాజు తరపున పరిపాలనాధికారిగా పనిచేశాడు. డచ్చివారు కట్టుదిట్టంగా కాపాడుకొంటూ వచ్చిన జాజి, లవంగ మొక్కలను మలుకు దీవుల నుండి రహస్యంగా తెప్పించి, వారి గుత్తాధిపత్యాన్ని దెబ్బతీసిన వ్యక్తిగా చరిత్రలో నిలిచాడు. మారిషస్ లోని పాంప్లెమూస్ ఉద్యానవనాన్ని మొక్కల తోటగా తీర్చిదిద్దినవాడు, ఆ దీవిలో అడవుల రక్షణకు 1769లో నిబంధనలు తెచ్చినవాడు కూడా ఇతడే.

ఫ్రెంచి భాషలో "ప్వావ్ర్" అంటే మిరియం అని అర్థం. సుగంధ ద్రవ్యాల కోసం జీవితమంతా ధారపోసిన మనిషికి పుట్టుకతోనే ఆ ఇంటిపేరు ఉండడం కేవలం యాదృచ్ఛికం.

బాల్యం, విద్యాభ్యాసం

ప్వావ్ర్ ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఒక వర్తక కుటుంబంలో జన్మించాడు. తండ్రి పట్టు వ్యాపారి. ఆ కాలంలో లియోన్ నగరం పట్టు నేతకు ఐరోపా అంతటా పేరు పొందింది. చిన్నతనంలో ఆ నగరంలోనే క్రైస్తవ మిషనరీల పాఠశాలలో చదివి, తరువాత పారిస్ లోని విదేశీ మిషన్ల సంస్థలో మతబోధకుడిగా శిక్షణ పొందాడు. ఆ సంస్థ తూర్పు ఆసియా దేశాలకు ప్రచారకులను పంపుతూ ఉండేది. ఇరవై రెండేళ్ళు నిండకముందే ప్వావ్ర్‌ను చైనాకు పంపారు. అక్కడ కాంటన్, మకావు నగరాల్లోను, నేటి వియత్నాంలో భాగమైన కొచ్చిన్ చైనా ప్రాంతంలోను కొన్నేళ్ళు గడిపాడు. స్థానిక భాషలు నేర్చుకొన్నాడు. మతబోధ కంటే అక్కడి రైతులు వరి పండించే తీరు, నీటి పారుదల, చెట్ల పెంపకం అతడిని ఎక్కువగా ఆకర్షించాయి.

కుడి చేయి కోల్పోవడం

1745 ప్రారంభంలో ప్వావ్ర్ స్వదేశానికి బయలుదేరాడు. అప్పటికి ఫ్రాన్సు, ఇంగ్లండుల మధ్య యుద్ధం నడుస్తున్నది. సుమత్రా సమీపంలోని బంకా జలసంధిలో ఆంగ్ల యుద్ధనౌకలు అతడు ఎక్కిన ఓడపై దాడి చేశాయి. ఫిరంగి గుండు తగిలి ప్వావ్ర్ కుడి చేయి నుజ్జయింది. గాయం చెడిపోవడంతో ఆ చేతిని తొలగించవలసి వచ్చింది. అప్పటికి అతడి వయస్సు 25 సంవత్సరాలు. పూజా విధులు నిర్వహించడానికి కుడి చేయి అవసరం కనుక మతాచార్యుడు కావాలన్న మార్గం అంతటితో మూసుకుపోయింది.

ఆంగ్లేయులు బందీలను జావా దీవిలోని బటావియా (నేటి జకార్తా) రేవులో దించారు. అది డచ్చి ఈస్టిండియా కంపెనీకి తూర్పు దేశాలలో ముఖ్య కేంద్రం. గాయం మానే వరకు కొద్ది నెలల పాటు ప్వావ్ర్ అక్కడే ఉన్నాడు. ఆ కాలంలోనే డచ్చివారి సంపదకు మూలం ఏమిటో దగ్గర నుండి గమనించాడు. ఎడమ చేతితో వ్రాయడం నేర్చుకొన్నాడు. జాజి, లవంగ మొక్కలను ఫ్రెంచి దీవులకు చేర్చాలన్న ఆలోచన అతడికి ఇక్కడే కలిగింది.

డచ్చివారి గుత్తాధిపత్యం

ప్వావ్ర్ చేసిన పని ప్రాముఖ్యాన్ని గ్రహించాలంటే ఆనాటి సుగంధ ద్రవ్యాల వ్యాపారం గురించి కొంత తెలుసుకోవాలి.

మిరియాలు మలబారు తీరంలోను, సుమత్రా, జావా ప్రాంతాలలోను విస్తారంగా పండేవి. పోర్చుగీసువారు, డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు అందరూ కొనుగోలుదార్లే. అందువలన మిరియాలపై ఏ ఒక్కరికీ పూర్తి అధికారం దక్కలేదు. జాజికాయ, లవంగాల సంగతి వేరు. ప్రకృతి సిద్ధంగా ఇవి నేటి ఇండోనేషియా తూర్పు భాగంలోని మలుకు దీవులలోను, వాటి పరిసరాలలోను మాత్రమే పెరిగేవి. అక్కడ కూడా జాజికాయ ప్రధానంగా బాండా అనే చిన్న దీవుల సముదాయానికి పరిమితమై ఉండేది.

డచ్చివారు 1621లో బాండా దీవులను ఆక్రమించారు. ఆ దాడిలో స్థానిక ప్రజలలో అత్యధికులు హతులయ్యారు, లేదా దీవులు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆ తరువాత డచ్చివారు బానిసలను తెచ్చి తోటలు నడిపారు. లవంగం సాగును అంబోన్, దాని ప్రక్కనున్న కొద్ది దీవులకు పరిమితం చేసి, మిగిలిన దీవులలోని లవంగ చెట్లను పడవ దండులతో తిరిగి నరికించేవారు. జాజికాయలు వేరొక చోట మొలకెత్తకుండా సున్నంలో ముంచి ఎగుమతి చేసేవారు. సరఫరాను తగ్గించి ధరను నిలబెట్టడం వారి పద్ధతి.

ఈ వ్యాపారానికి ఆంధ్ర తీరంతో కూడా సంబంధం ఉంది. 17వ శతాబ్ది ప్రారంభంలోనే డచ్చివారు మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకొన్నారు. మలుకు దీవులలో లవంగాలకు, జాజికాయలకు బదులుగా ఇవ్వడానికి కోరమాండల్ తీరపు నూలు బట్టలు వారికి అవసరమయ్యేవి.

మొక్కల రవాణాలో ఇంకొక చిక్కు ఉంది. లవంగం గింజలు తాజాగా ఉన్నప్పుడే మొలకెత్తుతాయి. ఎండితే పనికిరావు. మనం వాడే లవంగం విత్తనం కాదు, ఎండబెట్టిన పూమొగ్గ. జాజి చెట్లలో ఆడ, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి. నాటిన ఆరేడు సంవత్సరాలకు పూత వచ్చే వరకు ఏది ఆడదో ఏది మగదో సాధారణంగా తెలియదు. కనుక సంచీలో నాలుగు గింజలు దాచి తెచ్చినంత మాత్రాన తోట ఏర్పడదు. సజీవమైన మొలకలను మట్టితో సహా, ఉప్పునీరు తగలకుండా, నెలల తరబడి ఓడలో కాపాడుకొని తేవలసి ఉంటుంది.

తొలి ప్రయత్నాలు

బటావియా నుండి బయటపడిన ప్వావ్ర్ పుదుచ్చేరి చేరి, అక్కడి గవర్నరు డూప్లేను కలిసాడు. తరువాత ఇల్ ద ఫ్రాన్స్ మీదుగా ఐరోపాకు బయలుదేరి, దారిలో మరొకసారి ఆంగ్లేయుల చేతికి చిక్కి, గెర్న్సీ దీవిలో కొంతకాలం బందీగా ఉన్నాడు. 1748లో ఫ్రాన్సు చేరాడు.

అతడి ఆలోచన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి నచ్చింది. 1749లో కంపెనీ తరపున కొచ్చిన్ చైనా వెళ్ళి అక్కడి రాజును దర్శించాడు. వర్తక స్థావరం ఏర్పరచాలన్న ప్రయత్నం ఫలించలేదు. అయితే 1750లో తిరిగి వస్తూ మిరియం, దాల్చినచెక్క వంటి మొక్కలను, మెట్ట భూములలో పండే వరి వంగడాన్ని ఇల్ ద ఫ్రాన్స్‌కు తెచ్చాడు. అయితే మిరియం ఆ దీవిలో చెప్పుకోదగిన వాణిజ్య పంటగా ఎదగలేదు.

తరువాత మనీలా నగరంలో ఉంటూ జాజి మొక్కల కోసం ప్రయత్నించాడు. 1753 చివరలో ఇల్ ద ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చినప్పుడు అతడి వద్ద సజీవంగా మిగిలినవి ఐదు జాజి మొక్కలు మాత్రమే. 1754లో ఒక చిన్న ఓడలో మళ్ళీ బయలుదేరాడు. మలుకు దీవులలో అడుగు పెట్టలేక, పోర్చుగీసువారి ఆధీనంలో ఉన్న తిమోర్ నుండి కొన్ని జాజి గింజలు, మొక్కలు సంపాదించి 1755లో తిరిగి వచ్చాడు.

ఈ మొక్కలు బ్రతకలేదు. దీవిలో కంపెనీ తోటలను చూస్తున్న వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్యూజే ఓబ్లే వాటిని అసలైన జాజి మొక్కలు కావని ప్రకటించాడు. అసూయతో తన మొక్కలను కావాలనే చంపివేశాడని ప్వావ్ర్ ఆరోపించాడు. ఆ ఆరోపణ ఎన్నడూ నిరూపణ కాలేదు. కంపెనీ ఆసక్తి తగ్గిపోవడంతో ప్వావ్ర్ నిరాశతో ఫ్రాన్సుకు బయలుదేరాడు. దారిలో మరల ఆంగ్లేయులకు చిక్కి ఐర్లండులో కొన్ని నెలలు ఉండి, 1757లో స్వదేశం చేరాడు.

లియోన్ జీవితం, గ్రంథ రచన

తరువాతి పదేళ్ళు ప్వావ్ర్ లియోన్ సమీపంలో భూమి కొని, తోట పెంచుతూ గడిపాడు. 1754లోనే ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు అతడిని తన లేఖక సభ్యులలో ఒకరిగా ఎంచుకొన్నది. 1759లో లియోన్ పరిషత్తులో సభ్యుడయ్యాడు. అక్కడ ఆసియా, ఆఫ్రికా దేశాల వ్యవసాయంపై చేసిన ప్రసంగాలు 1768లో "ఒక తత్త్వవేత్త యాత్రలు" అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకంగా వెలువడ్డాయి. భూమికి, సేద్యానికి విలువ ఇచ్చే దేశమే నిజమైన సంపన్న దేశమని ఈ గ్రంథం వాదిస్తుంది. ఇది ఇంగ్లీషులోకి కూడా అనువదించబడింది. అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్ ఈ పుస్తకం చదివి, అందులో చెప్పిన మెట్ట వరి విత్తనాలను తన దేశానికి తెప్పించడానికి ప్రయత్నించాడు.

1766లో ప్వావ్ర్ తనకంటే వయస్సులో చాలా చిన్నదైన ఫ్రాన్స్వాజ్ రోబేను వివాహం చేసుకొన్నాడు. వీరికి ముగ్గురు కుమార్తెలు కలిగారు.

ఇల్ ద ఫ్రాన్స్ పరిపాలనాధికారిగా

అప్పుల పాలైన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ నుండి ఇల్ ద ఫ్రాన్స్, బూర్బన్ దీవులు రాజు ప్రత్యక్ష పాలన క్రిందికి వచ్చాయి. సైనిక వ్యవహారాలు గవర్నరుకు, ఆర్థిక, న్యాయ, వ్యవసాయ వ్యవహారాలు పరిపాలనాధికారికి అప్పగించబడ్డాయి. ఆ రెండవ పదవికి ప్వావ్ర్‌ను ఎంపిక చేశారు. 1767 జూలైలో అతడు కుటుంబంతో సహా పోర్ట్ లూయీ రేవులో దిగాడు.

అధికారాలను ఇద్దరికి పంచడం వలన తగాదాలు తప్పలేదు. మొదటి గవర్నరు దుమాతో విరోధం ముదరగా 1768లో దుమాను వెనుకకు పిలిపించారు. తరువాత వచ్చిన దెరోష్‌తో కూడా ప్వావ్ర్‌కు పొసగలేదు. ఈ కలహాల మధ్యనే దీవికి మొదటి ముద్రణాలయం వచ్చింది. పంట ధాన్యాల సాగును ప్రోత్సహించడానికి, నౌకాశ్రయాన్ని బాగుచేయడానికి అతడు పూనుకొన్నాడు.

1768లో ప్రసిద్ధ నావికుడు బూగన్‌విల్ ఓడలలో దీవికి వచ్చిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఫిలిబేర్ కొమెర్సన్‌ను ప్వావ్ర్ తన ఇంట ఉంచుకొని పరిశోధనలకు తోడ్పడ్డాడు. రచయిత బెర్నార్డిన్ ద సేంపియేర్ కూడా 1768 - 1770 మధ్య ఈ దీవిలో ఉండి ప్వావ్ర్ కుటుంబంతో పరిచయం పెంచుకొన్నాడు. తరువాత ఈ దీవి నేపథ్యంగా అతడు వ్రాసిన "పాల్ ఎ విర్జినీ" నవల ఎంతో ప్రఖ్యాతి పొందింది.

జాజి, లవంగ మొక్కల సేకరణ

అధికారం చేతికి వచ్చిన తరువాత ప్వావ్ర్ తన పాత సంకల్పాన్ని మళ్ళీ చేపట్టాడు. ఈసారి స్వయంగా వెళ్ళకుండా, తూర్పు దీవుల భాషలు, పరిస్థితులు తెలిసిన మాత్యూ సిమోన్ ప్రోవోను నియమించాడు. 1769లో రెండు ఓడలు బయలుదేరాయి. ట్రెమిగోన్, ఎట్చెవెరీ వాటికి నాయకులు. డచ్చి కోటలకు దూరంగా, హల్మహేరా దీవి సమీపంలో ఉన్న గెబే అనే చిన్న దీవి వద్ద వారికి మొక్కలు లభించాయి. డచ్చివారి పట్ల విముఖులైన స్థానిక నాయకులు వీటిని సమకూర్చారు. వారి సహాయం లేకపోతే ఈ యాత్ర కూడా విఫలమయ్యేదే.

1770 జూన్ నెలలో ఓడలు పోర్ట్ లూయీ చేరాయి. సుమారు 400 జాజి మొక్కలు, 70 లవంగ మొక్కలు, వేల సంఖ్యలో జాజి గింజలు వచ్చాయి. పాత వివాదం పునరావృతం కాకుండా, ఇవి అసలైనవేనని కొమెర్సన్ చేత పరీక్ష చేయించి ధ్రువీకరింపజేశారు. మొక్కలలో కొన్నింటిని వలస రైతులకు పంచగా చాలావరకు చనిపోయాయి. అందువలన 1771లో ప్రోవో నాయకత్వంలోనే రెండవ యాత్ర బయలుదేరి 1772 జూన్‌లో మరిన్ని మొక్కలతో తిరిగి వచ్చింది.

ఈ యాత్రల ఘనత సాధారణంగా ప్వావ్ర్‌కే దక్కింది. సంకల్పం, ప్రణాళిక అతడివే అయినా, మొక్కలను సముద్రం దాటించిన శ్రమ ప్రోవోది, నావికులది.

పాంప్లెమూస్ ఉద్యానవనం

పోర్ట్ లూయీకి ఈశాన్యంగా ఉన్న పాంప్లెమూస్ గ్రామంలో "మోన్ ప్లెజీర్" అనే ఎస్టేటు ఉంది. పాంప్లెమూస్ అంటే పంపరపనస. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్డొనే దీనిని తన నివాసంగా చేసుకొన్నాడు. ప్వావ్ర్ ఈ ఎస్టేటును కొని, వివిధ దేశాల నుండి తెప్పించిన మొక్కలకు నర్సరీగా మార్చాడు. చైనా, భారతదేశం, ఫిలిప్పీన్స్, ఐరోపా, అమెరికాల నుండి వచ్చిన మొక్కలను ఇక్కడ పెంచి, వాతావరణానికి అలవాటు పడిన తరువాత ఇతర చోట్లకు పంపేవారు. 1772లో దీవి విడిచి వెళ్ళేటప్పుడు ఈ తోటను రాజుకు విక్రయించాడు.

1775లో ఉద్యానవన నిర్వహణ జాన్ నికొలా సెరే చేతికి వచ్చింది. సెరే పట్టుదల లేకపోతే ప్వావ్ర్ మొక్కలు బ్రతికేవి కావని చెప్పవచ్చు. అతడి సంరక్షణలో 1776లో లవంగాలు, 1778లో జాజికాయలు మొదటిసారి ఇల్ ద ఫ్రాన్స్‌లో కాశాయి. వాటిని చూడడానికి ప్వావ్ర్ అక్కడ లేడు.

ఈ తోట 1988 నుండి స్వతంత్ర మారిషస్ తొలి ప్రధానమంత్రి సర్ శివసాగర్ రామ్‌గులామ్ పేరుతో పిలువబడుతున్నది. పెద్ద తాంబాళం వంటి ఆకులు గల నీటి కలువల కొలను ఇక్కడి ముఖ్య ఆకర్షణ.

అడవుల రక్షణ నిబంధనలు

డచ్చివారు, వారి తరువాత ఫ్రెంచివారు దీవిలోని ఎబొనీ జాతి విలువైన కలపను, ఇతర వృక్షాలను విచ్చలవిడిగా నరికారు. చెట్లు పోతే వానలు తగ్గుతాయని, కొండ వాలుల మట్టి కొట్టుకుపోయి ఏరులు ఎండిపోతాయని ప్వావ్ర్ నమ్మాడు. దీవి చిన్నది కనుక ఆ నష్టం ఒక తరం లోపే కంటికి కనిపిస్తుందని గ్రహించాడు.

1769 నవంబరులో వెలువడిన నిబంధనల ప్రకారం ప్రతి భూయజమాని తన భూమిలో నాల్గవ వంతును, ముఖ్యంగా కొండ వాలులపై, అడవిగా ఉంచాలి. చెట్లు లేని చోట తిరిగి నాటాలి. నీటి వనరుల ప్రక్కన ఉన్న చెట్లను నరకరాదు. పర్యావరణ చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ 1995లో ప్రచురించిన గ్రంథంలో ఈ నిబంధనలను ఆధునిక పర్యావరణ పరిరక్షణకు తొలి అడుగులలో ఒకటిగా వివరించాడు. అయితే 19వ శతాబ్దంలో చెరకు తోటలు విస్తరించినప్పుడు ఈ రక్షణ నిలవలేదు. నేడు మారిషస్‌లో మంచి స్థితిలో మిగిలిన సహజ వృక్ష సంపద దీవి విస్తీర్ణంలో రెండు శాతం లోపే.

బానిసత్వం విషయంలో వైరుధ్యం

ప్వావ్ర్ తన రచనలలో, ప్రసంగాలలో బానిసత్వాన్ని ఖండించాడు. స్వేచ్ఛ గల రైతు చేతిలోనే నేల బాగా పండుతుందని, బానిసల శ్రమతో నడిచే వలసలు చివరకు చెడిపోతాయని వాదించాడు. కాని అతడు పాలించిన దీవిలో జనాభాలో అత్యధికులు మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా తదితర ప్రాంతాల నుండి తెచ్చిన బానిసలే. ఆ వ్యవస్థను అతడు రద్దు చేయలేదు, చేయడానికి ప్రయత్నించలేదు. తాను కూడా బానిసలకు యజమానిగా ఉన్నాడు. మోన్ ప్లెజీర్ తోటలో గుంటలు త్రవ్వి, నీరు మోసి, మొక్కలను బ్రతికించినది బానిసల చేతులే. ఉద్యానవన చరిత్రలలో వారి పేర్లు అరుదుగా కనిపిస్తాయి. ఈ దీవిలో బానిసత్వం 1835లో బ్రిటిష్ పాలనలో రద్దయింది.

చివరి రోజులు

1772లో ప్వావ్ర్ స్థానంలో మరొక అధికారిని నియమించారు. 1773లో అతడు ఫ్రాన్సు చేరాడు. అతడి పాలనపై ప్రత్యర్థులు చేసిన ఫిర్యాదుల వలన కొంతకాలం సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. తరువాత మంత్రి త్యుర్గో కాలంలో అతడి సేవలను గుర్తించి పింఛను మంజూరు చేశారు. మిగిలిన జీవితం లియోన్ సమీపంలోని తన తోటలో గడిపి, 1786 జనవరి 6న మరణించాడు.

మొక్కల తరువాతి చరిత్ర

ప్వావ్ర్ ఆశించినట్లు ఇల్ ద ఫ్రాన్స్ సుగంధ ద్రవ్యాల దీవి కాలేదు. తరచుగా వచ్చే తుఫానులకు లవంగ, జాజి చెట్లు తట్టుకోలేవు. పడిన చెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. చెరకు గాలికి వంగినా, విరిగినా త్వరలోనే తిరిగి ఎదుగుతుంది. అందువలన రైతులు చెరకు వైపు మొగ్గారు. మొక్కల ఫలితం ఇతర దీవులకు దక్కింది.

* సేషెల్స్: ప్వావ్ర్ ఆదేశంపై 1772లో ఆంత్వాన్ జియో మాహే దీవిలో ఒక సుగంధ ద్రవ్యాల తోట వేశాడు. 1780లో ఒక ఓడ రేవుకు రాగా, అది శత్రువులైన ఆంగ్లేయుల ఓడ అని పొరబడి, మొక్కలు వారి చేతికి చిక్కరాదని ఫ్రెంచి అధికారి తోటను తగులబెట్టించాడు. తీరా చూస్తే అది ఫ్రెంచి ఓడ. పక్షుల ద్వారా గింజలు వ్యాపించి దాల్చిన చెట్లు మాత్రం కొండలంతటా పెరిగాయి. ఆ తరువాత చాలాకాలం దాల్చినచెక్క సేషెల్స్ ఎగుమతులలో ఒకటిగా ఉండేది. స్థానిక వృక్ష జాతులకు మాత్రం ఇది బెడదగా మారింది.

* బూర్బన్, జాంజిబార్: బూర్బన్ దీవిలో జోసెఫ్ యూబేర్ లవంగాన్ని శ్రద్ధగా పెంచాడు. 19వ శతాబ్ది తొలి దశకాలలో మాస్కరీన్ దీవులుగా పిలిచే ఈ ఫ్రెంచి దీవుల నుండి లవంగం తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ చేరింది. అక్కడ సుల్తాను సయ్యద్ సయీద్ ప్రోత్సాహంతో, బానిసల శ్రమతో తోటలు విస్తరించి, జాంజిబార్, పెంబా దీవులు ప్రపంచ లవంగాల సరఫరాలో ప్రథమ స్థానానికి చేరాయి. 1872లో వచ్చిన తుఫాను జాంజిబార్ దీవి తోటలను నేలమట్టం చేసింది. పెంబా దీవికి అంత నష్టం కలుగలేదు. అప్పటినుండి లవంగాల సాగుకు పెంబాయే ముఖ్యస్థానం అయింది.

* అమెరికా ఖండపు దీవులు: 1773లో ఫ్రెంచివారు ఇల్ ద ఫ్రాన్స్ నుండి దక్షిణ అమెరికాలోని కాయెన్‌కు మొక్కలు పంపారు. డచ్చివారి నుండి మలుకు దీవులను 1796లో ఆక్రమించిన ఆంగ్లేయులు కూడా జాజి, లవంగ మొక్కలను పెనాంగ్ మొదలైన తమ స్థావరాలకు తరలించారు. ఆ విధంగా గుత్తాధిపత్యం పూర్తిగా ముగిసింది. 1843లో జాజి మొక్క కరీబియన్ సముద్రంలోని గ్రెనడా దీవికి చేరింది. తరువాత గ్రెనడా ఇండోనేషియా తరువాత ప్రపంచంలో రెండవ పెద్ద జాజికాయల ఉత్పత్తిదారుగా ఎదిగింది. 1974లో స్వీకరించిన ఆ దేశపు జెండాపై జాజికాయ బొమ్మ ఉంది. 2004 సెప్టెంబరులో ఇవాన్ అనే పెను తుఫాను అక్కడి జాజి చెట్లలో అత్యధిక భాగాన్ని కూల్చివేసింది.

జాంజిబార్‌లో 1872లోను, గ్రెనడాలో 2004లోను జరిగినది ఒకే కథ. చిన్న దీవికి వేరొక పొలం లేదు, వేరొక పంట లేదు. ఒక్క రాత్రి గాలికి పోయిన తోట తిరిగి కాపుకు రావడానికి పదేళ్ళు పట్టవచ్చు. ఈలోగా కొనుగోలుదార్లు వేరే దేశాలకు మరలుతారు. ఇటువంటి దేశాలను చిన్న దీవుల అభివృద్ధి చెందుతున్న దేశాలుగా ఐక్యరాజ్యసమితి 1992 రియో సదస్సులో ప్రత్యేకంగా గుర్తించింది. వాటి సమస్యలపై 2005 జనవరిలో అంతర్జాతీయ సమావేశం జరిగినది ప్వావ్ర్ పాలించిన పోర్ట్ లూయీ నగరంలోనే.

మారిషస్, తెలుగువారు

1810లో ఆంగ్లేయులు ఇల్ ద ఫ్రాన్స్‌ను జయించి, దానికి మారిషస్ అనే పాత డచ్చి పేరును తిరిగి పెట్టారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలలో పనికి భారతదేశం నుండి ఒప్పంద కూలీలను తీసుకువెళ్ళారు. వారిలో తెలుగు జిల్లాలవారు కూడా ఉన్నారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు నుండి ఓడలెక్కినందున మారిషస్‌లో తెలుగువారికి "కోరంగీలు" అన్న పేరు వచ్చింది. నేడు అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. ప్వావ్ర్ లవంగ తోటలు నిలదొక్కుకొని, చెరకు రాకుండా ఉంటే ఈ వలస ఈ రూపంలో జరిగేది కాదేమో.

విశేషాలు

* ప్వావ్ర్ మరణించిన సంవత్సరమే ఆర్థికవేత్త ద్యు పోన్ ద నెమూర్ అతడి జీవిత చరిత్రను ప్రచురించాడు. 1795లో ప్వావ్ర్ భార్యను ఇతడే వివాహం చేసుకొన్నాడు. ఇతడి కుమారుడు అమెరికాలో 1802లో స్థాపించిన సంస్థయే తరువాత రసాయన పరిశ్రమలో ప్రసిద్ధి చెందిన డ్యుపాంట్ కంపెనీ.
* సేషెల్స్ దేశంలోని అమిరాంటె దీవులలో ఒక పగడపు దీవికి ప్వావ్ర్ పేరు ఉంది.
* కొమెర్సన్ ఒక మొక్కల ప్రజాతికి "ప్వావ్రియా" అని ఇతడి పేరు పెట్టాడు. ప్రస్తుతం ఆ మొక్కలను వేరొక ప్రజాతిలో చేర్చారు.
* మిరియాలు ఏరిన పీటర్ పైపర్ గురించి ఇంగ్లీషు పిల్లలు నాలుక తిప్పడానికి చెప్పుకొనే పాట ప్వావ్ర్‌ను ఉద్దేశించినదేనని కొందరు అంటారు. దీనికి గట్టి ఆధారం లేదు.
* పాంప్లెమూస్ ఉద్యానవనంలో ప్వావ్ర్ శిల్పం ఉంది.